ట్యూబా, ఉగ్గుగిన్నా, సీసానా? ఆసుపత్రిలో ఉన్న పసిబిడ్డకు పాల దారి ఎంచుకోవడం

బిడ్డ ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో, ఉన్నప్పుడు మొదటి రెండు మూడు రోజులు అందరూ ఊపిరి గురించే మాట్లాడతారు. ఊపిరి కాస్త కుదుటపడగానే మాటంతా పాల మీదికి మళ్లుతుంది. డాక్టర్ పొద్దున వచ్చి ఎన్ని మిల్లీలీటర్లు పెంచారో చెబుతారు. ఊరి నుంచి అత్తగారు ఫోను చేసి "ఇంకా గొట్టంతోనేనా?" అని నిట్టూరుస్తారు. పక్క బిడ్డ తల్లి తమకు సీసాతో గట్టెక్కిందంటుంది. నెల్లూరు, గూడూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి బిడ్డను తెచ్చుకున్నవాళ్లకైతే దీనికి తోడు భాష రాని ఊరు, తెలియని వార్డు.

నేను ఉండేది చెన్నైలోనే. మా పాప నెలలు నిండకుండా పుట్టి పాల దగ్గర చాలా తిప్పలు పడింది. అప్పుడు చూసినదీ, ఆ తర్వాత చదివి, డాక్టర్లనూ సిస్టర్లనూ అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. మీ బిడ్డ విషయంలో చివరి మాట మీ డాక్టరుదే. అయితే ఆ మాట అర్థం కావాలన్నా, సరైన ప్రశ్న అడగాలన్నా మన ముందున్న దారులు ఏమిటో తెలిసి ఉండాలి.

ఇన్ని ఎంపికల్లో నేను ముందుగా చూసేది ఒక్కటే. ఇవాళ తీసుకున్న నిర్ణయాన్ని వచ్చే వారం మార్చుకోగలమా, లేదా? ఇవాళ వేసిన ట్యూబు రేపు తీసేయవచ్చు. ఇవాళ పట్టిన డబ్బాపాలు ఎల్లుండి మానేయవచ్చు. గిన్నె నుంచి సీసాకు, సీసా నుంచి రొమ్ముకు మారిన పిల్లలు ఎందరో ఉన్నారు. తల్లికి పాలు కుదురుకునే తొలి రెండు వారాలు మాత్రం మళ్లీ రావు. ట్యూబు మీద ఇంటిల్లిపాదీ తగువు పడుతూ ఈ సంగతి గాలికి వదిలేసిన కుటుంబాలను వార్డులో చూశాను. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

చేత్తో పిండాలా, పంపు కొనాలా?

బిడ్డ నోటితో తాగడం లేదన్న సంగతి తల్లి రొమ్ముకు తెలియదు. ఖాళీ చేస్తే మళ్లీ తయారుచేస్తుంది, చేయకపోతే తగ్గించుకుంటుంది. తోడేకొద్దీ ఊరే చెలమ లాంటిది. కాన్పయిన మొదటి గంటలోనే, ఆలస్యమైనా ఆరు గంటల లోపు పాలు పిండటం మొదలుపెట్టమంటారు. ఆ తర్వాత రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకూడదు, అందులో ఒకటైనా అర్ధరాత్రి దాటాక ఉండాలి. సిజేరియన్ కుట్ల నొప్పితో, పక్కన బిడ్డ లేకుండా ఇది చేయడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు. ఆ సమయంలో భర్త చేయగలిగిన పెద్ద సాయం అలారం తాను పెట్టుకుని లేపడం, గిన్నెలు కడిగి మరిగించడం.

మొదటి రోజు, రెండో రోజు వచ్చేది ముర్రుపాలు. సిరంజిలో అడుగున పసుపు పచ్చగా ఒక గీత కూడా నిండదు. అది చూసి "పాలు పడలేదు" అని ఇంట్లో తీర్మానించేస్తారు. ఎవరికైనా మొదట వచ్చేది అంతే. ఆ చుక్కలనే సిస్టర్ దూది పుల్లతో బిడ్డ బుగ్గల లోపల రాస్తుంది. బిడ్డ పాలు మింగే దశకు రాకపోయినా వాటిని వృథా పోనివ్వరు.

ఈ తొలి రోజుల్లో చెయ్యే మేలు. ముర్రుపాలు చిక్కగా, కొద్దిగా ఉంటాయి, పంపుతో తీస్తే సగం గొట్టానికే అంటుకుంటాయి. చనుమొనను కాకుండా దాని వెనకున్న నల్లటి వలయం అంచున బొటనవేలు, చూపుడువేలు ఆనించి, రొమ్మును ఛాతీ వైపు కాస్త నొక్కి, అప్పుడు రెండు వేళ్లనూ దగ్గరకు తేవాలి. సిస్టర్ ఒకసారి చేసి చూపిస్తే చాలు, వస్తుంది.

మూడు నాలుగు రోజులకు పాలు దిగాక పంపు సంగతి ఆలోచించండి. చేతి పంపు చవక, కరెంటు అక్కర్లేదు, చప్పుడు ఉండదు. అయితే రోజుకు ఎనిమిది సార్లు నొక్కితే మణికట్టు పట్టేస్తుంది. ఒకవైపు మాత్రమే తీసే చిన్న ఎలక్ట్రిక్ పంపు మధ్యస్థం. రెండు వైపులా ఒకేసారి తీసే పంపుకు ఖర్చు ఎక్కువ, కానీ సమయం దాదాపు సగానికి తగ్గుతుంది. ఎన్ఐసీయూ తల్లికి ఆ మిగిలిన సమయం అంటే నిద్ర. బిడ్డ 34 వారాలు దాటి పుట్టి, కొద్ది రోజుల్లో ఇంటికి వస్తుందనుకుంటే చెయ్యి, చేతి పంపు చాలు. 32 వారాల లోపు పుట్టి, వారాల తరబడి ఆసుపత్రి తప్పదనుకుంటే రెండు వైపుల పంపు తీసుకోండి. కొనే ముందు ఆసుపత్రి పాల గదిలో ఉందేమో, అద్దెకు దొరుకుతుందేమో అడగండి. పంపు గరాటు నొప్పి పుట్టిస్తే ఓర్చుకోనక్కర్లేదు, కొలత సరిపోలేదని అర్థం. పంపుతో తీయడం అయ్యాక రెండు నిమిషాలు చేత్తో పిండితే వచ్చే చివరి పాలలో వెన్న ఎక్కువ.

ఎంత పాలు వస్తే చాలు? 1,400 గ్రాముల బిడ్డకు కిలోకు రోజుకు 150 మిల్లీలీటర్ల లెక్కన 210 మిల్లీలీటర్లు కావాలి. రెండు గంటలకోసారి పడితే ఒక్కోసారికి 17, 18 మిల్లీలీటర్లు, అంటే మూడున్నర చెంచాలు. తల్లికి అంత వస్తే చాలనిపిస్తుంది. కానీ అదే బిడ్డ 3 కిలోలయ్యేసరికి 450 మిల్లీలీటర్లు కావాలి, అప్పటికప్పుడు పెంచడం కష్టం. అందుకే రెండో వారం ముగిసేసరికి రోజుకు 500 మిల్లీలీటర్ల చుట్టుపక్కలకు చేరుకోమని చెబుతారు. మిగిలినవి గడ్డకట్టించి దాచుకోవచ్చు.

తిండి గురించి తలా ఒక మాట చెబుతారు. ఇక్కడి సిస్టర్లు సొరచేపతో చేసే సొర పుట్టు తినమంటారు, మనవాళ్లు వెల్లుల్లి, మెంతులు, పాలసొర చేప అంటారు. ఇష్టమైతే తినండి, నష్టం లేదు. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యాన్ని మాత్రం నేను ఒప్పుకోను, దాహం వేసినంత తాగాల్సిందే. పాలు పెరగడానికి మాత్రలు డాక్టర్ రాస్తేనే వాడాలి.

బిడ్డ ఎందుకు తాగడం లేదు?

ఈ ప్రశ్నకు జవాబు రాకుండా ట్యూబు, గిన్నె, సీసాల మధ్య పోలిక పెట్టడంలో అర్థం లేదు. నెలలు నిండకపోవడం అన్నిటికంటే మామూలు కారణం. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ లయ తప్పకుండా సాగడం సాధారణంగా, గర్భం మొదటి నుంచి లెక్కిస్తే, 34 వారాల దగ్గర కుదురుతుంది. మన దేశంలో నవజాత శిశు విభాగాలు పాటించే రమారమి లెక్క ఇది: 28 నుంచి 31 వారాల వరకు ట్యూబు, 32 నుంచి 34 వరకు ఉగ్గుగిన్నె లేదా చెంచా, ఆపైన రొమ్ము. లెక్క వారాలదే అయినా నిర్ణయించేది బిడ్డే. 33 వారాలకే చకచకా తాగేవారూ ఉంటారు, 36 వచ్చినా నిద్రపోయేవారూ ఉంటారు.

నెలలు నిండిన బిడ్డ తాగకపోతే కథ వేరు. ఇన్ఫెక్షన్, గుండె లోపం, అంగిలి చీలిక, కండరాల బలహీనత, ఆయాసం వీటిలో ఏదో తేల్చాలి. బాగా తాగే బిడ్డ ఉన్నట్టుండి మానేస్తే అది బద్ధకం కాదు, వెంటనే డాక్టర్‌కు చెప్పాల్సిన లక్షణం.

నాలుగు దారులు

ట్యూబు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ అన్నిటిలో బిడ్డకు శ్రమ లేని దారి ఇదే. సన్నని గొట్టం నోటి నుంచి గానీ ముక్కు నుంచి గానీ పొట్టలోకి వెళుతుంది. పసిపిల్లలు ప్రధానంగా ముక్కుతోనే గాలి పీలుస్తారు కాబట్టి బాగా చిన్న బిడ్డలకు, ఆయాసం ఉన్నవాళ్లకు నోటి గొట్టం వేస్తారు. కాస్త పెరిగి నోటితో తాగడం నేర్చుకుంటున్నప్పుడు ముక్కు గొట్టం అనువు, నోరు ఖాళీగా ఉంటుంది, టేపు కూడా బాగా నిలుస్తుంది. ఈ రెండింటిలో ఏదన్నది డాక్టర్లకు వదిలేయండి.

మీరు అడగవలసినది వేరే ఉంది: సిరంజి పట్టుకోనివ్వమని. పిస్టన్ తీసేసిన సిరంజిని బిడ్డకు జానెడు ఎత్తున పట్టుకుంటే పాలు వాటంతట అవే దిగుతాయి. బిడ్డ ఏడిస్తే సిరంజిలో పాలు పైకి పొంగుతాయి, శాంతించగానే మళ్లీ మెల్లగా దిగుతాయి. ఆ మట్టం చూస్తూ నిలబడితే బిడ్డ పొట్ట ఎప్పుడు సుఖంగా ఉందో చెయ్యికే తెలిసిపోతుంది. తొందరపడి పిస్టన్‌తో నెట్టకూడదు.

"ట్యూబు అలవాటైతే నోటితో తాగడం మరిచిపోతుంది" అనే మాటలో సగం నిజం ఉంది. ట్యూబు వల్ల మరిచిపోదు. నెలల తరబడి నోటికి ఏ మంచి అనుభవమూ లేకపోతే, నోటి దగ్గరికి వచ్చేవన్నీ గొట్టాలూ కఫం లాగే సక్షన్ పైపులే అయితే, నోరు తెరవడానికే జడుస్తుంది. దానికి విరుగుడు ట్యూబు పీకేయడం కాదు, ట్యూబులో పాలు దిగుతున్న సమయంలోనే పిండేసిన ఖాళీ రొమ్మును చప్పరించనివ్వడం. పాలు మింగే పని లేకుండా చప్పరించడం సాధన చేస్తుంది, పొట్ట నిండటానికీ చప్పరించడానికీ సంబంధం కుదురుతుంది. ఇలా చేసిన పిల్లలు త్వరగా నోటి పాలకు మారతారనీ, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గుతాయనీ అధ్యయనాలు చెబుతున్నాయి. మీ వార్డులో ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

ఉగ్గుగిన్నె. చెన్నైలో పాలాడై అంటారు, స్టీలుది ఏ పాత్రల కొట్లోనైనా దొరుకుతుంది. ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి వెండిది ఉందని తెస్తారు. గిన్నె ముక్కు దగ్గర అంచు పదునుగా లేకుండా, లోపలి మూలలు కూడా కడగడానికి వీలుగా ఉంటేనే వాడండి. దీని మేలు ఏమిటంటే చప్పరించే బలం లేని, కానీ మింగగలిగే బిడ్డకు సరిపోతుంది. మరిగించి శుభ్రం చేయడం తేలిక, పీక అలవాటు కాదు.

దీని ప్రమాదం మనకున్న పాత అలవాటులోనే ఉంది. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, గిన్నె ఎత్తి పోయడం మన ఇళ్లలో చూసిందే. నిండు నెలల బిడ్డ దాన్ని తట్టుకుందేమో గానీ ఎన్ఐసీయూ బిడ్డకు పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సిస్టర్ చేసే తీరు చూడండి. బిడ్డను గుడ్డలో చుట్టి, తలకు ఆనింపు ఇచ్చి, దాదాపు కూర్చున్నట్టు పట్టుకుంటుంది. గడ్డం కింద మడిచిన పలచని గాజ్ గుడ్డ ఉంటుంది. గిన్నె ముక్కు కింది పెదవి మూలకు ఆనించి, పాలు పెదవిని తాకేంతే వంచుతుంది. నాలుక బయటికొచ్చి అందుకుంటుంది, గొంతు ఒకసారి కదులుతుంది, అప్పుడు ఇంకాస్త. గొంతు కదలకపోతే చెయ్యి కదలదు. మొత్తం విద్య ఆ ఆగడంలోనే ఉంది. ఇందులో నోటి మూలల నుంచి కొద్దిగా పాలు కారిపోవడం సహజం, కాబట్టి గిన్నెలో ఎంత పోశామన్నది కాక ఎంత లోపలికి వెళ్లిందన్నది లెక్కలో రాయాలి. తడిసిన గుడ్డను చూసి సిస్టర్‌తో ఆ మాట అనండి.

సీసా. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా సీసాను ఒప్పుకోరు. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం పాలసీసాల, డబ్బాపాల ప్రచారాన్ని నిషేధించింది, వాడకాన్ని కాదు. సీసా మీద నాకు పగ లేదు. తల్లి అనారోగ్యంతో దూరంగా ఉన్నా, అంగిలి చీలికకు ప్రత్యేకంగా చేసిన మెత్తని సీసా అవసరమైనా, నోటి పాలు నేర్పే థెరపిస్టు సూచించినా వాడాల్సిందే. వాడితే నెమ్మదిగా పాలొచ్చే పీక ఎంచుకుని, బిడ్డను పక్కకు తిప్పి పట్టుకుని, నాలుగైదు గుక్కలకోసారి సీసా కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. పీక రంధ్రం పెద్దది చేస్తే త్వరగా అయిపోతుందని సూది కాల్చి గుచ్చేవాళ్లున్నారు. అది చేయకండి.

గిన్నెనూ సీసానూ పోల్చిన పరిశోధనల్లో, గిన్నెతో తాగిన నెలతక్కువ పిల్లలు ఇంటికి వెళ్లేనాటికి పూర్తిగా తల్లిపాల మీద ఉండే అవకాశం ఎక్కువని తేలింది. అయితే ఒక అధ్యయనంలో గిన్నె పిల్లల డిశ్చార్జి ఆలస్యమైంది కూడా. రొమ్ము పాలు పట్టాలన్న గట్టి కోరిక, ఆసుపత్రిలో ఉండే వెసులుబాటు ఉంటే గిన్నె వైపు మొగ్గుతాను. ఇంట్లో గిన్నె పట్టే నేర్పు ఎవరికీ రాదనుకుంటే సరిగ్గా పట్టిన సీసా, పొరపాటుగా పోసిన గిన్నె కంటే నయం.

రొమ్ము. "రొమ్ము దగ్గర కష్టపడాలి, సీసా తేలిక" అని చాలామంది నమ్మకం. నెలలు నిండని పిల్లల్లో ఆక్సిజన్ కొలిచి చూస్తే సీసా కంటే రొమ్ము తాగేటప్పుడే నిలకడగా ఉన్నట్టు తేలింది, ఎందుకంటే అక్కడ వేగం బిడ్డ చేతిలో ఉంటుంది. తల్లికి పాలు బాగా ఉరికివస్తుంటే కాస్త పిండేసి పెట్టాలి. చనుమొన అందకపోతే పలచని సిలికాన్ కవచం కొన్నాళ్లు పనికొస్తుంది. ఎంత తాగిందో తెలియదన్న బెంగకు మందు తూకం: పాలకు ముందు, తర్వాత అవే బట్టలతో తూచితే తేడా ఎన్ని గ్రాములో రమారమి అన్ని మిల్లీలీటర్లు.

ఏ దారిలోనైనా కొన్ని కనబడితే ఆపేయాలి: మానిటర్‌లో ఆక్సిజన్ పడిపోవడం, పెదవుల చుట్టూ నీలం, ముక్కుపుటాలు ఎగరడం, వేళ్లు బారచాపి వెనక్కి వంగడం, అసలు మింగకుండా పాలన్నీ నోటి మూల నుంచి కారిపోవడం. "ఇంకో అయిదు మిల్లీలీటర్లే కదా" అని కుక్కవద్దు, మిగిలినవి ట్యూబులో వెళతాయి. గుండె జబ్బున్న బిడ్డకు పాలు తాగడమే వ్యాయామం, నుదుటిన చెమట పడుతుంది. అలాంటివాళ్లకు నోటితో 20 నుంచి 30 నిమిషాలకు మించి పట్టరు. పాలు ప్రతిసారీ పొలమారుతుంటే మింగే తీరును ఎక్స్‌రే తెర మీద చూసే పరీక్ష అడగండి. పాలు చిక్కబడితే పొలమారవని బిస్కెట్టు, రాగిపిండి కలపమనే సలహా నెలలు నిండని బిడ్డకు ప్రాణం మీదికి తెస్తుంది. వస, ఆముదం, తేనె కూడా అంతే.

ఎవరి పాలు?

ఇక్కడ వరుస స్పష్టం: సొంత తల్లి పాలు, అవి చాలకపోతే తల్లిపాల బ్యాంకు నుంచి దాత పాలు (వేరే తల్లులు ఇచ్చినవి), అవీ లేకపోతే నెలతక్కువ పిల్లల కోసం చేసిన డబ్బాపాలు. బాగా చిన్న బిడ్డల్లో పేగు కుళ్లే జబ్బు ఒకటి ఉంది, ఎన్ఈసీ అంటారు. డబ్బాపాలతో ఆ ముప్పు ఎక్కువ, అందుకే ఈ వరుస.

దాత పాలంటే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఆసియాలోనే మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో మొదలైంది. చెన్నైలో ఎగ్మూరులోని ప్రభుత్వ బాలల ఆసుపత్రిలో బ్యాంకు ఉంది. దాతలకు హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు, పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి, గడ్డకట్టించి దాస్తారు. వేడికి కొన్ని రక్షణ గుణాలు తగ్గుతాయి, దాతలు ఎక్కువగా నిండు నెలల తల్లులు కాబట్టి మాంసకృత్తులు తక్కువ ఉంటాయి. కాబట్టి దాత పాలు వంతెన మాత్రమే, తల్లి పాలు పిండటం ఆపడానికి కారణం కాకూడదు. డబ్బు పెట్టి కొనే తల్లిపాల జోలికి పోవద్దు, 2024 మే నెలలో ఆహార భద్రతా సంస్థ అలాంటి అమ్మకం చట్టవిరుద్ధమని హెచ్చరించింది. పరీక్షలు చేయని పొరుగింటి తల్లి పాలు కూడా ఎన్ఐసీయూ బిడ్డకు పనికిరావు.

1,500 గ్రాముల లోపు బిడ్డకు తల్లి పాలలో పోషకాల పొడి కలుపుతామంటే మీ పాలు పలచగా ఉన్నాయని కాదు. కడుపులో ఉండి ఉంటే ఆ వారాల్లో అందాల్సిన మాంసకృత్తులు, కాల్షియం ఆ చిన్న పొట్టలో పట్టేంత పాలలో సరిపోవు. కలపమన్నంత కలపండి. డబ్బాపాలు వాడాల్సి వస్తే సిగ్గుపడనక్కర్లేదు, కలిపే కొలత మాత్రం తప్పకూడదు. పొదుపుగా నీళ్లు ఎక్కువ పోస్తే అసలుకే మోసం.

దగ్గరే ఉండటమా, తిరగడమా?

తల్లి గూడూరు నర్సింగ్‌హోమ్‌లో, బిడ్డ చెన్నైలో ఉండటం మామూలైపోయింది. అలాంటప్పుడు తల్లిని ఎంత త్వరగా ఇక్కడికి చేరిస్తే అంత మంచిది. ఆసుపత్రి దగ్గర చిన్న గది అద్దెకు తీసుకోవడం, కారులో రోజూ తిరగడం కంటే తరచూ చవకే అవుతుంది. దగ్గరుంటే కంగారూ సంరక్షణ చేయవచ్చు: బిడ్డను డైపరు, టోపీతో ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకోవడం. 1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన ఈ పద్ధతిని రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. పాలు పెరుగుతాయి, బిడ్డ రొమ్ము వెతకడం నేర్చుకుంటుంది. తండ్రీ చేయవచ్చు, చొక్కా విప్పడానికి మొహమాటపడే మగవాళ్లు రెండో రోజుకే వదలనంటారు.

తిరగక తప్పకపోతే పాలు మోసే పద్ధతి నేర్చుకోవాలి. సూళ్లూరుపేట లోకల్ రైల్లో, మాధవరం బస్సుల్లో ఎండాకాలం ప్రయాణమంటే చిన్న విషయం కాదు. గది వేడిమిలో పాలు నాలుగు గంటలు నిలుస్తాయనే లెక్క 25 డిగ్రీలకు చెప్పింది, చెన్నై మే నెలకు కాదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, గడ్డకట్టిన జెల్ ప్యాకుల మధ్య ఐస్ పెట్టెలో తేవాలి. సీసా మీద తల్లి పేరు, ఆసుపత్రి నంబరు, తేదీ, గంట రాయాలి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులన్నది ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్క, ఎన్ఐసీయూ గడువు అంతకంటే తక్కువగా ఉండవచ్చు, అడిగి అదే పాటించండి. కరిగిన పాలను మళ్లీ గడ్డకట్టించవద్దు. దారిలో పిండాల్సి వస్తే, తమిళనాడు ప్రభుత్వం 2015 నుంచి బస్‌స్టాండ్లలో తల్లుల కోసం పాల గదులు తెరిచింది, వాకబు చేయండి. తమిళం రాకపోతే బిడ్డ బరువు, పాల కొలత, గంట కాగితం మీద రాసి ఇమ్మని సిస్టర్‌ను అడగండి. అంకెలకు అనువాదం అక్కర్లేదు.

ట్యూబుతో ఇంటికా, ఇంకొన్నాళ్లు ఆసుపత్రా?

బరువు రోజుకు కిలోకు 15 గ్రాముల చొప్పున పెరుగుతూ, ఒంటి వేడి నిలబడి, ఊపిరి ఆగిపోవడాలు లేకుండా ఉన్నా కొందరు పిల్లలు నోటితో సగమే తాగుతారు. అప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. కొన్ని ఆసుపత్రులు ట్యూబుతో పంపుతాయి, కొన్ని పంపవు. ఇంట్లో ఇద్దరికి పని వచ్చి, ట్యూబు సరైన చోట ఉందో లేదో చూడటం సిస్టర్ ఎదుట తప్పు లేకుండా చేసి చూపించి, గంట లోపు చేరగలిగే పిల్లల డాక్టర్ ఉంటే ఇల్లే మంచిది. బిడ్డ తల్లి ఒళ్లో పెరుగుతుంది, ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల భయం తగ్గుతుంది. చేసేది ఒక్కరే అయినా, ఊరు దూరమైనా, బిడ్డకు పాలతో పాటు ఊపిరి సమస్య ఉన్నా ఆగడమే నయం. నెలల తరబడి ట్యూబు తప్పదని తేలితే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టే ఆపరేషన్ గురించి డాక్టరే ఎత్తుతారు. ఆ మాట వినగానే బెదిరిపోతాం, కానీ ముఖం మీద టేపు పోయి, ముక్కు ఖాళీ అయి, నోటి పాలు నేర్పడం సులువైన పిల్లలున్నారు.

పాలతో సంబంధం లేకపోయినా ఇక్కడ ఒక మాట: 2 కిలోల లోపు, లేదా 34 వారాల ముందు పుట్టిన బిడ్డకు నాలుగు వారాల లోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి. ఇంటికి వెళ్లే హడావిడిలో ఇది తప్పిపోతుంది.

ట్యూబుతో వెళ్తున్నట్టయితే డిశ్చార్జి కాగితంలో ట్యూబు సైజు, ఎంత లోతు వేశారో సెంటీమీటర్లలో, మార్చాల్సిన తేదీ రాయించుకోండి. అర్ధరాత్రి ఊడిపోతే మీరే తిరిగి దూర్చే ప్రయత్నం చేయవద్దు, నేర్పి ఉంటే తప్ప. జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశు విభాగంలో రాత్రిపూట కూడా డ్యూటీ సిస్టర్ ఉంటుంది, ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స ఉచితం. ఆ విభాగం ఫోను నంబరు చెన్నై వదిలే ముందే సంపాదించి, ఒకసారి చేసి చూసుకోండి.